తుంగ మొలిచిన చోట

ఈ కాలం వాళ్ళకి పచ్చగా కనబడిందల్లా గడ్డే. గరికా గడ్డే, ఊదా గడ్డే, జమ్మూ గడ్డే, తుంగా గడ్డే. కాస్త ఎత్తు పెరిగితే పిచ్చిమొక్క, ఇంకా పెరిగితే పొద. అంతటితో వృక్షశాస్త్రం సమాప్తం. మా రోజుల్లో ముక్కు తుడుచుకోవడం రాని పిల్లాణ్ణి చేలో నిలబెట్టినా ఏది వరో, ఏది ఊదో, ఏది తుంగో చెప్పేవాడు. చెప్పలేనివాడు కలుపుతీతలో ఊద ఉంచి వరి పీకేవాడు, సాయంత్రానికి వీపు విమానం మోత మోగేది. అట్లా వంటబట్టిన చదువది. ఇప్పుడు మా మనవడు మొక్క ముందు ఫోను పెట్టి, అది పేరు చెప్పేదాకా గుడ్లప్పగించి చూస్తాడు. సిగ్నల్ లేకపోతే ఆ మొక్కకి ఆ పూట పేరు లేనట్టే.

తుంగని గుర్తుపట్టడానికి సిగ్నల్ ఎందుకర్రా? రెండు వేళ్ళు చాలు. కాడని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించండి. గడ్డి కాడైతే గుండ్రంగా జారుతుంది. తుంగైతే మూడు పలకలు తగులుతాయి. చాపల తుంగలో పలకలు కాస్త మొద్దుబారి ఉంటాయి గానీ, అలవాటైన వేలికి అవీ తెలుస్తాయి. గడ్డి కాడకి కణుపులుంటాయి, కణుపుకీ కణుపుకీ మధ్య గుల్ల. తుంగ కాడ అడుగు నుంచి పువ్వు దాకా ఒకే బద్ద, లోపల బెండు. గడ్డికి ఆకులు రెండు వరసల్లో వస్తే తుంగకి మూడు వరసల్లో వస్తాయి. దానికి లెక్కంతా మూడే. ప్రపంచంలో ఈ కుటుంబానివి సుమారు 5,500 జాతులున్నాయట. ఈజిప్టువాళ్ళు రాజుల కథలన్నీ రాసుకున్న పపైరస్ కూడా మన తుంగకి స్వయానా అన్నదమ్ముల వరసే. వాళ్ళు దాని మీద చరిత్ర రాసుకున్నారు. మనం దాని మీద మందు కొడుతున్నాం.

మా ఊరు కొల్లేటి సరస్సుకి ఎగువన, పల్లపు నేల. చెరువు తూము కింద కానుగ చెట్ల నీడలో కాలు పెడితే మోకాలి దాకా దిగే జౌకు ఉండేది. నడివేసవిలో కూడా అక్కడి మట్టి చల్లగా, నల్లగా, చెమ్మగా ఉండేది. ఆ జౌకు నిండా తుంగ. ఎండ తగలక కాడలు సన్నగా, మనిషి రొమ్ముదాకా పెరిగేవి. ఆ జౌకు ఎవరిదీ కాదు. కాబట్టి అందరిదీ. గేదె ఎవరిదైనా అందులో పొర్లేది. చాపలు అల్లేవాళ్ళు కోసుకునేవాళ్ళు. పిల్లలం చేపలు పట్టేవాళ్ళం. ‘తుంగ మొలిచిన చోట గుంజ పాతకండి’ అని పెద్దవాళ్ళు మళ్ళీ మళ్ళీ చెప్పేవాళ్ళు. తుంగ మొలిచిందంటే ఆ నేల మీద మొదటి హక్కు నీళ్ళది. ఈ ఏడాది ఎండినా వచ్చే ఏడాది వస్తుంది, వచ్చినప్పుడు అడ్డంగా నీ ఇల్లుంటే నీళ్ళు చుట్టుతిరిగి పోవు. సర్వే రాళ్ళూ, చెరువు నిండు నీటిమట్టం చూపే ఎఫ్.టి.ఎల్. పటాలూ లేని కాలంలో ఆ సరిహద్దు గీసింది తుంగే. ఎవరూ దాన్ని దిద్ది జరపలేకపోయేవాళ్ళు.

అయితే తుంగంటే మేమేదో హారతులిచ్చి పూజలు చేశామనుకోకండి. తుంగల్లో తుంగ వేరు. జౌకులో ఉండే తుంగ మా నేస్తమైతే, మెరక చేలల్లో మొలిచే గడ్డ తుంగ మా ప్రాణానికి శత్రువు. దాని గడ్డలే తుంగముస్తలు. 1977లో విదేశీ శాస్త్రజ్ఞులు ప్రపంచంలోని మహా చెడ్డ కలుపు మొక్కలన్నిటినీ లెక్కగట్టి పుస్తకం వేస్తే మొదటి స్థానం దీనికే ఇచ్చారు. వాళ్ళకి అంత పరిశోధన దేనికి, మా నాయనమ్మని అడిగితే ఊరికే చెప్పేది. తెల్లారి పీకితే మర్నాటికి మళ్ళీ సూదుల్లా లేచి కూర్చునేది. భూమిలో గడ్డలన్నీ ఒకదానికొకటి సన్నటి తీగతో గుచ్చి ఉంటాయి. కొన గడ్డ మొలిచి ఉన్నంతసేపూ మిగతావి పడుకునే ఉంటాయి. తీగ తెంపామా, ప్రతి గడ్డా ‘నేనే పెద్దదాన్ని’ అని మొలుస్తుంది. ఉమ్మడి కుటుంబం విడిపోయి ఎవరి పొయ్యి వాళ్ళు రాజేసుకున్నట్టన్నమాట.

ఈ సంగతి మా వాళ్ళకి తెలుసు కాబట్టి దానితో ఎట్లా పోట్లాడాలో కూడా తెలుసు. రోహిణి కార్తెలో లోతు దుక్కి దున్ని గడ్డల్ని పైకి తిరగేసేవాళ్ళు. ఆ ఎండకి గడ్డ వడిలి ఎండి చచ్చేది. ఎండకుండా మిగిలినవాటిని పిల్లా జెల్లా కలిసి బుట్టల్లో ఏరేవాళ్ళం. ఆ తర్వాత పందుల మందల వాళ్ళని బతిమాలి ఖాళీ చేలోకి రప్పించేవాళ్ళం. పందికి ముస్తలంటే మహా ప్రీతి, మూతితో పెళ్ళగించి మరీ తింటుంది. ఏ కూలీ అంత శ్రద్ధగా పని చెయ్యడు. అన్నిటినీ మించిన ఉపాయం నీడ. గడ్డ తుంగకి ఎండంటే ఎంత బలమో నీడంటే అంత నీరసం. వరి కోతల తర్వాత జనుమో పిల్లిపెసరో ఒత్తుగా చల్లితే అది చేనంతా కప్పేసేది, కింద తుంగ పాలిపోయి పలచబడేది. పశువులకి మేత, నేలకి సత్తువ, తుంగకి దెబ్బ, మూడూ ఒక్క విత్తుతో.

ఇప్పుడో? రోటవేటరు పైపైన నాలుగంగుళాలు గిర్రున తిప్పి గడ్డల తీగలన్నీ ముక్కలు ముక్కలు చేసి చేనంతా సమానంగా పంచిపెడుతుంది. అంటే రైతే డీజిలు పోసి మరీ తుంగ నాటుకుంటున్నాడు. ఆనక నెల తిరక్కుండానే ‘తుంగ ఎక్కువైంది, ఏం మందు కొట్టాలి’ అని కొట్టుకి పరుగు. కొట్టువాడు ఒకటి అడిగితే రెండు ఇస్తాడు. గట్టు మీద కొట్టే గ్లైఫోసేట్ పచ్చగా ఉన్న దేన్నీ వదలదు. గట్టు కోసుకుపోకుండా పట్టి ఉంచే గరికనీ, గుంటగలగరనీ, గేదె కొరికే నాలుగు పరకలనీ కూడా మాడ్చేస్తుంది. వర్షం పడ్డాక గట్టు జారితే మళ్ళీ మనిషికి కూలిచ్చి మట్టి వెయ్యాలి. ఊడ్పులు మానేసి వెదజల్లే సాగుకి దిగాక మడిలో తుంగ ఇంకా ముదిరింది. నాట్లు వేసిన మడిలో మొదటి నుంచీ నీళ్ళు నిలబెట్టేవాళ్ళం. ఆ నీటి కింద సగం కలుపు ఊపిరాడక పోయేది. వెదజల్లిన మడిలో మొదట్లో నీళ్ళు నిలపకూడదు కదా, ఇంక దానిదే రాజ్యం. కూలీలు దొరకట్లేదు తాతయ్యా అంటారు. నిజమే, దొరకట్లేదు. నేనేమీ ఆడవాళ్ళు నడుములు విరిగేట్టు వంగి నాట్లేసిన రోజులు మళ్ళీ రావాలనడం లేదు. జనుము చల్లడానికి కూలీలు ఎందుకు అని మాత్రమే అడుగుతున్నాను. దానికెవరూ జవాబు చెప్పరు.

అట్లా మేం తిట్టుకుంటూ ఏరిన ముస్తల్ని కూడా పారబోసేవాళ్ళం కాదు. కడిగి, పీచు కాల్చి, నీడన ఆరబెట్టి అటక మీద దాచేది మా అమ్మమ్మ. ముస్తకి ఒక మంచి వాసన ఉంటుంది. తడి మట్టి, కర్పూరం, చెక్క కలిసినట్టు ఉంటుంది. సున్నిపిండిలో పెసలు, బావంచాలు, కచ్చూరాలు, వట్టివేళ్ళతోపాటు తుంగముస్తలు పడాల్సిందే. జ్వరం వచ్చినవాడికి దాహం తీరడానికి ఆయుర్వేదంలో చెప్పిన షడంగ పానీయంలో కూడా ముస్తకి చోటుంది. వైద్యుడు ఇవ్వమన్నప్పుడు ఇచ్చేవాళ్ళు. అగరుబత్తుల వాళ్ళూ అత్తరుల వాళ్ళూ నాగరమోతా అని కొనేదీ ఈ జాతి గడ్డల్నే.

మొన్నీమధ్య మా మనవరాలు ఆన్‌లైన్‌లో ఏదో పొట్లం తెప్పించుకుని నోట్లో వేసుకుంటోంది. ఏంటే అది అన్నాను. “టైగర్ నట్స్ తాతయ్యా, సూపర్ ఫుడ్. ఫైబర్ ఎక్కువ” అంది. పొట్లం వెనక చిన్నక్షరాలు చదివించి వింటే అవి తుంగ గడ్డలు! మన గడ్డ తుంగకి సొంత చెల్లెలు. స్పెయిన్‌లో వాలెన్సియా వాళ్ళు వాటితో పాలలాంటి పానీయం చేసుకుని తాగుతారట, మంచిదే. ఆ పిల్లే పోయినేడు చైనా హోటల్లో కరకరలాడే తెల్ల ముక్కలేవో ఏరుకుని తింది. వాటర్ చెస్ట్‌నట్ అంటారు దాన్ని, బురదలో పెరిగే ఒక తుంగజాతి గడ్డే అదీనూ. డబ్బాలో సముద్రాలు దాటొస్తే తుంగ భోజనం. పెరట్లో మొలిస్తే కలుపు. పొట్లం ధర విన్నాక మా చేలో మేం తిట్టుకుంటూ ఏరినదానికి లెక్క కట్టాలనిపించి, ఆరోగ్యానికి మంచిది కాదని ఊరుకున్నాను.

ఇక చాపల సంగతి. అసలు నా కడుపుమంట అక్కడ.

మా రోజుల్లో చాపల్లో కూడా తారతమ్యాలుండేవి. ఈతాకు చాప ధాన్యం ఆరబెట్టడానికి. జమ్ము చాప దళసరి, అటక మీదికీ బండి మీదికీ. కిక్కిసతో చాపలు కావు, తడికలు కట్టేవాళ్ళు. మనిషి వీపు వాల్చాలంటే మాత్రం తుంగ చాపే. కొల్లేటి వైపు వాళ్ళని అడిగితే చెబుతారు, తుంగ వేరు, జమ్ము వేరు, కిక్కిస వేరు అని. మూడూ నీళ్ళలోనే పెరుగుతాయి. జమ్ముకి వెడల్పాటి ఆకులూ, గోధుమరంగు కండెలాంటి పువ్వూ ఉంటాయి. కిక్కిస రెల్లులాంటి గడ్డి, మనిషిని మించి పెరుగుతుంది. తుంగకి మాత్రం లోపల బెండు ఉంటుంది చూశారూ, అది గాలి గూళ్ళ బెండు. బురదలో ఊపిరాడని వేళ్ళకి గాలి పంపడానికి మొక్క చేసుకున్న ఏర్పాటది. మొక్క వేరుకి పంపిన గాలే చాపై పరుచుకున్నాక మన వీపుకి చల్లదనం. చెమట పీలుస్తుంది, వేడి పట్టదు, పడుకున్నవాడి వీపున ముద్రలు పడవు.

ఆ చాప ఊరికే వచ్చేదా? కాడ పచ్చిగా, ముదరకముందే కొయ్యాలి. కోసిన చోటే మళ్ళీ పిలకలేసి వచ్చేది కాబట్టి వేరు కదిలించకుండా కొడవలి పెట్టాలి. ఒక్కో కాడనీ కత్తితో నిలువునా రెండుగానో మూడుగానో చీల్చాలి. ఎండలో ఆరవేస్తే చీలిక లోపలికి ముడుచుకుని సన్నటి గొట్టంలా అవుతుంది. వాన తగిలితే నల్లబడి బూజు పడుతుంది, కాబట్టి మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ పరుగు. అల్లే ముందు మళ్ళీ నీళ్ళలో నానబెట్టాలి. నేల మీద గుంజలు పాతి జనపనారతోనో నూలుతోనో పడుగు బిగించేవాళ్ళు. ఒకరు అల్లిన చాప మీదే కూర్చుని అచ్చు నొక్కుతుంటే, ఇంకొకరు పక్కన కూర్చుని పొడవాటి పుల్లకి తుంగ తగిలించి పేకగా దూర్చేవాళ్ళు. దూర్చడం, నొక్కడం, దూర్చడం, నొక్కడం. మొగుడూ పెళ్ళాం మధ్య ఆ పూట తగువుంటే చాప అంచు వంకర తిరిగేది, కొనేవాళ్ళకి తెలిసిపోయేది.

తమిళనాట తామ్రపర్ణి ఒడ్డున పత్తమడైలో ఇప్పటికీ అదే తుంగని పట్టులా చీల్చి గుడ్డలా మడత పెట్టగల చాపలు అల్లుతున్నారు. బెంగాల్లో మేదినీపూర్ వైపు మదుర్ చాపలు అల్లుతున్నారు. రెండిటికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. మణిపూర్‌లో కౌనా అనే తుంగజాతి కాడలతో బుట్టలూ చాపలూ చేసి ఢిల్లీ సంతల్లో అమ్ముకుంటున్నారు. మా వైపు ఏం చేశాం? చాపకింద నీరులా ప్లాస్టిక్ చాప వచ్చి ఇంట్లో పరుచుకుంది. రంగురంగుల నెమళ్ళు వేసి ఉంటుంది, కడిగితే మురికి పోతుంది, పాతికేళ్ళయినా చాప పోదు అంటాడు అమ్మేవాడు. మొదటి రెండు మాటలూ నిజం. మూడోదీ నిజమే, కానీ చాపగా కాదు. రెండు వేసవులు తిరిగేసరికి దారాలు దారాలుగా విడిపోయి పీచు పీచై మురుగుకాలువలో చేరుతుంది. అక్కడ మాత్రం పాతికేళ్ళేం ఖర్మ, వందేళ్ళుంటుంది. తుంగ చాప చిరిగితే పేడకుప్పలో వేసేవాళ్ళం, వచ్చే సార్వాకి ఎరువై చేలోకే పోయేది. ఎక్కడిది అక్కడికే.

“అంత ఇష్టమైతే నువ్వు తుంగ చాప కొనుక్కో తాతయ్యా, వెబ్‌సైట్‌లో ఉన్నాయి” అన్నాడు మనవడు. చూపించాడు కూడా. ‘ఎకో ఫ్రెండ్లీ యోగా మ్యాట్’ అట! ధర చూసి నాకు ఆసనం వేసినట్టయింది. పేదవాడి పడక పోయి డబ్బున్నవాడి వ్యాయామం అయింది తుంగ. సరే, అల్లినవాళ్ళ చేతికి ఆ డబ్బులో నాలుగు రాళ్ళు పోతే సంతోషమే. మా రోజుల్లో వాళ్ళకి దక్కింది చాలా తక్కువ, అది కూడా చెప్పాలి. సంతలో బేరమాడి బేరమాడి సగానికి తెగ్గొట్టి, వాళ్ళు తల తిరిగిపోయి ఇచ్చేస్తే గొప్ప బేరం చేశామని చంకలు కొట్టుకునేవాళ్ళు మా పెద్దలు. నడుంలోతు నీళ్ళలో నిలబడి కోసిన వాళ్ళ కాళ్ళకి జలగలు, పాసిపోయిన వేళ్ళు, తుంగ అంచులు కోసిన గీతలు. పక్కనే బోదకాళ్ళు, చలిజ్వరాలు, పాములు. జౌకు అంటే స్వర్గం అని నేను అనడం లేదు. అనేవాడు ఎవడైనా ఉంటే వాడు సాయంత్రం పూట అక్కడ పావుగంట నిలబడి ఉండడు.

కానీ తుంగ చెక్కేస్తే దోమలు పోతాయని చెప్పినవాళ్ళు ఇప్పుడు ముందుకొచ్చి మాట్లాడాలి. తుంగ పోయింది. దోమలు పోయాయా? సిమెంటు మురుగుకాలువల్లో, పగిలిన బకెట్లలో, మేడమీది ట్యాంకుల్లో దివ్యంగా కాపరాలు చేస్తున్నాయి. జౌకులో అయితే వాటి పిల్లల్ని తినడానికి చేపపిల్లలుండేవి, తూనీగ పిల్లలుండేవి, కప్పలుండేవి. కాలువలో ఏముంది? నెల నెలా వచ్చి పొగ కొట్టి పోయే బండి ఉంది.

చేపలంటే కొర్రమీను గుర్తొచ్చింది. తెలంగాణ వాళ్ళు 2016లో దాన్ని రాష్ట్ర చేపగా పెట్టుకున్నారు, సంతోషం. అయితే కొర్రమీను పెరగాలంటే ఒడ్డున లోతులేని నీళ్ళలో మొక్కల చాటు కావాలి. ఆ చాటున అది కాస్త జాగా శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా గుంపుగా నీటి మీద ఆడుతుంటే తల్లీ తండ్రీ కింద కాపలా కాస్తాయి. చిన్నప్పుడు ఆ ఎర్ర గుంపు కనబడితే గాలం వెయ్యకూడదని మా తాత ఆజ్ఞ. ఇప్పుడు చెరువుకి చుట్టూ రాయి పేర్చి లోపల నిట్టనిలువుగా తవ్వాక చాటు ఎక్కడిది? రాష్ట్ర చేపని బోర్డు మీద బొమ్మ వేస్తే గుడ్లు పెట్టదు.

ఇక కొల్లేరు. మా వైపు వాళ్ళని కొల్లేరు గురించి మాట్లాడమంటే రాత్రి భోజనాలు చల్లారతాయి, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళు తెచ్చి పోస్తే, ఉప్పుటేరు వాటిని సముద్రంలోకి తీసుకుపోయేది. వానాకాలం ఉబ్బేది, వేసవిలో తగ్గేది. తగ్గినప్పుడు బయటపడ్డ అంచుల్లో తుంగ, జమ్ము, కిక్కిస. తాటిదోనెల్లో తిరిగి, మావులు పెట్టి నల్లచేపలు పట్టుకునేవాళ్ళు లంక గ్రామాల వాళ్ళు. 1970ల్లో పేద మత్స్యకారులకి మేలు చేద్దామని సహకార సంఘాల పేర సర్కారు చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. తర్వాత లీజులు మొదలయ్యాయి. లీజులు పెద్దవాళ్ళ చేతిలోకి పోయాయి. గట్ల మీద గట్లు లేచాయి. తుంగ ఉన్న అంచులన్నీ చెరువులైపోయాయి. నల్లచేప పోయి బొచ్చె, శీలావతి వచ్చాయి. 

ఆ తర్వాత 1999లో, నేల ఎత్తుని బట్టి గీసే అయిదో కాంటూరు గీత దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేల అన్నారు. 2006లో పొక్లెయిన్లు తెచ్చి చెరువుల గట్లు కొట్టారు. కొట్టినవి కొట్టినట్టుండగానే మళ్ళీ లేచినవి లేచాయి. అయిదో కాంటూరా, మూడో కాంటూరా అని ప్రతి ఎన్నికలకీ రగడ. కొల్లేటి ఒడ్డున ఆటపాక వెళ్తే గూడబాతులు కనబడతాయి, వాటి గూళ్ళకి ఏర్పాట్లు చేశారు, టిక్కెట్టు కొని చూడొచ్చు. పక్షి బతికింది, సంతోషమే. కానీ కాంటూరు గురించి కొట్టుకునేవాళ్ళలో ఒక్కడైనా తుంగ ఎంత దూరం ఉండేదో అని అడగడు. కొల్లేరుకి అసలు కాంటూరు అదే. నీరు ఎంతవరకూ వచ్చి పోయేదో తుంగ చెప్పేది, దానికి లంచం ఇవ్వడం కుదరదు.

ఇప్పుడు అక్కడ నీటి మీద దర్జాగా పరుచుకుని ఉన్నదెవరు? గుర్రపుడెక్క. ఎక్కడి దక్షిణ అమెరికా, ఎక్కడి కొల్లేరు! ఊదారంగు పువ్వు బాగుందని ఎవరో దొరలు తెచ్చి తోటల్లో వేసుకున్నారు. అది గోడ దూకి దేశమంతా తిరిగింది. నీటి మీద మూతలా పడి కింద వెలుతురు రానివ్వదు, గాలి రానివ్వదు, దోనె కదలనివ్వదు. వేరుతో నేలని పట్టుకుని, ఒండ్రుని నిలబెట్టి, నీటిని నెమ్మదిగా నడిపించిన ఇంటి మొక్కని చెక్కేశాం. నేలతో సంబంధమే లేకుండా తేలే దాన్ని ఏటా లక్షలు పోసి తీయిస్తున్నాం, మళ్ళీ ఏడాదికి అది సిద్ధం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్ళలోకి వచ్చింది. రోజుల తరబడి జనం మేడల మీద కూర్చుని పాలపొట్లాల కోసం ఎదురు చూశారు. తుంగ ఉంటే ఆ వరద ఆగేదని నేను అనను, అంత వాన పడితే ఏ మొక్కా ఆపలేదు. నేను అనేది ఒక్కటే. ఆ ఏరు ఎక్కడెక్కడ పరుచుకునేదో చెప్పే గుర్తులు ఒకప్పుడు నేల మీద పచ్చగా ఉండేవి. వాటిని చెక్కేసి, మట్టి పోసి, ప్లాట్లు వేసి, ‘తూర్పు ఫేసింగ్, వాస్తు ప్రకారం’ అని అమ్మారు. నాలుగు దిక్కులూ చూశారు గానీ కిందికి మాత్రం చూడలేదు.

మా ఊరి జౌకు కథ కూడా అంతే. చెరువుకి సుందరీకరణ నిధులు వచ్చాయి. ఒడ్డంతా కాంక్రీటు, మీద రంగురాళ్ళు, స్టీలు కంచె, దీపస్తంభాలు, బల్లలు, ‘ఐ లవ్’ అని ఊరి పేరు వేసిన పెద్ద అక్షరాలు. కానుగలు కొట్టేసి ఎక్కడినుంచో తెచ్చిన ఈతచెట్టులాంటి దుబాయి చెట్లు నాటారు, వాటికి నీడే లేదు. జౌకు ఉన్న చోట పార్కింగ్. తుంగ చెక్కుతున్న రోజు పక్కన నిలబడి వీడియో తీస్తున్న కుర్రాణ్ణి “ఏం మొక్కలు బాబూ అవి?” అని అడిగితే, “మొక్కలు కావండీ, పిచ్చిమొక్కలు” అన్నాడు. మర్నాడు ఆ వీడియోకి చప్పట్లు కొట్టినవాళ్ళ సంఖ్య కూడా చూపించారు నాకు. తెలంగాణలో 2015 నుంచి మిషన్ కాకతీయ కింద చెరువుల్లో పూడిక తీశారు. ఆ ఒండ్రు చేలకి పోయింది, అది మంచి పని, మా తాతలు చేసిన పనే. పూడిక తియ్యడం వేరు, ఒడ్డు మొహానికి సిమెంటు పుయ్యడం వేరు. చెరువుని కడగండి, కానీ అంచుకి సున్నం కొట్టకండి అంటే వినేవాడు లేడు.

తొలి వానకి పార్కింగ్‌లో మోకాటి లోతు నీళ్ళు నిలిచాయి. ఎందుకు నిలవవు? అది నీళ్ళ ఇల్లు. ఇప్పుడు పంపులు పెట్టి తోడుతున్నారు. పోయిన నెల చూద్దును గదా, పార్కింగ్ టైల్సు మధ్య సందులోంచి మూడు పలకల కాడలు నాలుగు లేచి నిలబడ్డాయి. మర్నాడే మందు కొట్టించారు, అది వేరే సంగతి.

ముసలాళ్ళు గొణుగుతారు, వాళ్ళకి పనేముంది అంటారు. పని ఒకటి చెబుతాను, చెయ్యండి. ప్రతి చెరువు పక్కనా, ప్రతి కాలువ మలుపులోనూ పల్లపు నేల ఒక చెక్క వదిలెయ్యండి. కాంట్రాక్టరు అక్కర్లేదు, నారు కొననక్కర్లేదు, బోర్డూ రిబ్బనూ అక్కర్లేదు. నీళ్ళు వచ్చి పోతే చాలు, తుంగ దానంతటదే వస్తుంది. దాని వెనక కప్పా, చేపా, కొంగా వస్తాయి. ఎవడికైనా చాప అల్లాలని బుద్ధి పుడితే కాడలకి కరువుండదు. ఆ నేల జోలికి పోకుండా ఊరికే కూర్చోండి, అంతే. నాకు తెలుసు, మీకు చేతకానిది అదొక్కటే.